చికెన్ పకోడీ బండికి ముందు నడిచిన కథ

రోడ్డు పక్కన అమ్మే మాంసంలో యాంటీబయాటిక్స్‌కు లొంగని బ్యాక్టీరియా ఉందని వార్త వస్తే, చెన్నైలో పెరంబూర్‌లోనైనా షావుకారుపేటలోనైనా జనం ముందు తిట్టేది చికెన్ పకోడీ బండివాడినే. పాపం, అతనిది ఆఖరి అంకం. మొదటి అంకం అమెరికాలో జరిగింది. అందులో మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన మన భీమవరం ఆయన పేరూ ఉంది.

ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికాలోని లెడర్లీ మందుల కంపెనీలో ఆయన పరిశోధనలకు పెద్దగా ఉన్నప్పుడు, అక్కడి బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కనిపెట్టాడు. 1948లో దాన్ని ప్రకటించారు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు పోయారు. తర్వాత జరిగింది ఆయన చూడలేదు. ఆ కంపెనీలోనే జ్యూక్స్, స్టాక్‌స్టాడ్ అనే ఇద్దరు, ఆ మందు తయారీలో మిగిలిన పిప్పిని దాణాలో కలిపితే కోడిపిల్లలు త్వరగా బరువెక్కుతున్నాయని గమనించారు. 1950లో ఈ సంగతి బయటికొచ్చింది. ఇక జబ్బులేని కోడికి కూడా రోజూ కొంచెం మందు పడటం మొదలైంది. ఆ కొంచెంతోనే చిక్కు. దానికి బలహీనమైన బ్యాక్టీరియా చస్తుంది, తట్టుకున్నది మిగిలి పెరుగుతుంది. మందు చాలీచాలకుండా వాడితే ఇదే జరుగుతుందని పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945 నోబెల్ ప్రసంగంలోనే చెప్పాడు. బ్రిటన్‌లో పశువుల యాంటీబయాటిక్స్‌పై వేసిన స్వాన్ కమిటీ 1969లో హెచ్చరించింది. అయినా బరువు కోసం మందులు వాడటాన్ని యూరప్ పూర్తిగా ఆపింది 2006లో!

ఈలోగా తమిళనాడులో నామక్కల్ గుడ్లకు, పల్లడం బ్రాయిలర్ కోళ్లకు పేరు తెచ్చుకున్నాయి. చెన్నైలో నాటుకోడి పండగ కూరైంది, ఫారం కోడి రోజువారీ కూరైంది.

2010లో ఎన్‌డీఎం-1 అనే బ్యాక్టీరియా జన్యువు గురించిన పరిశోధన వెలువడింది. అందులో చెన్నై రోగుల నమూనాలూ ఉన్నాయి. ఆస్పత్రుల్లో పెద్ద మందులుగా వాడే కార్బపెనెమ్‌లను కూడా చెల్లకుండా చేసే జన్యువు అది. మన దేశాన్ని బద్నాం చేస్తున్నారని అప్పట్లో పెద్ద గొడవైంది. 2012లో డాక్టర్ల సంఘాలు చెన్నైలోనే కూర్చుని, యాంటీబయాటిక్స్‌కు లొంగని బ్యాక్టీరియాను ఎదుర్కోవడానికి 'చెన్నై డిక్లరేషన్' తయారుచేశాయి. 2014 మార్చి నుంచి కొన్ని యాంటీబయాటిక్స్ అమ్మకానికి హెచ్1 షెడ్యూల్ ఆంక్షలు, అంటే డాక్టర్ చీటీ ఉండాలి, అమ్మిన లెక్క రాసిపెట్టాలి అనే నిబంధనలు వచ్చాయి. ఇదంతా ఎక్కువగా ఆస్పత్రులు, మందుల షాపుల చుట్టూనే తిరిగింది.

కార్బపెనెమ్‌లు పనిచేయకపోతే డాక్టర్లకు మిగిలింది కొలిస్టిన్. కిడ్నీలను దెబ్బతీస్తుందని ఒకప్పుడు పక్కన పెట్టిన పాత మందే. ఐసీయూలో ఆఖరి ఆశగా ఎక్కిస్తున్న ఆ మందునే ఫారాల్లో దాణాతో పాటు కోళ్లకు పెడుతూ వచ్చారు. 2015లో చైనా పరిశోధకులు పందుల్లో, మాంసంలో, రోగుల్లో కూడా కొలిస్టిన్‌ను తట్టుకునే జన్యువును చూపించారు. ఒక బ్యాక్టీరియా నుంచి మరోదానికి దాటగల జన్యువది. ఆహారం కోసం పెంచే జంతువులకు, కోళ్లకు, చేపలకు కొలిస్టిన్ వాడకుండా మన ప్రభుత్వం 2019 జులైలో నిషేధించింది.

ఇక బండి సంగతి. సలసల కాగే నూనెలో ముక్క లోపలిదాకా ఉడికితే దాదాపు ఏ బ్యాక్టీరియా అయినా చస్తుంది, మందుకు లొంగనిదైనా సరే. పచ్చి మాంసం కోసిన కత్తితోనే ఉల్లిపాయ తరిగినా, ఒకే బకెట్ నీళ్లలో చేతులూ ప్లేట్లూ కడిగినా బతికినవి ప్లేటెక్కుతాయి. ఆ తప్పు కచ్చితంగా బండివాడిదే, తనిఖీకి వచ్చినవాళ్లు కంటితో చూసి పట్టుకోగలరు కూడా. ఆ కోడికి ఫారంలో ఏ మందు, ఎన్నాళ్లు పెట్టారన్నది మాత్రం బండివాడికీ తెలియదు, అతనికి మాంసం అమ్మిన చికెన్ సెంటర్‌వాడికీ తెలియదు.