డైనో కాగితం, గువ్వలచెరువు ఘాట్: ట్రక్కు ట్యూనింగ్‌పై అపోహలు - వాస్తవాలు

అపోహ: డైనో (చక్రాలను రోలర్ మీద తిప్పి బండి శక్తిని కొలిచే యంత్రం) మీద హార్స్‌పవర్ పెరిగితే ట్యూనింగ్ పూర్తయినట్టే.

వాస్తవం: కడపలో నా షెడ్డుకు వచ్చే పికప్ యజమానులు చాలామంది డైనో కాగితం చేత పట్టుకునే వస్తారు. ఆ కాగితం అబద్ధం చెప్పదు. కాకపోతే అది కొన్ని సెకన్ల నిజం. బ్రేకు లేని డైనోలో, బరువైన రోలర్‌ను చక్రాలు ఎంత త్వరగా తిప్పాయో చూసి శక్తిని లెక్కగడతారు. ఎగ్జాస్ట్ వేడి పూర్తిగా పెరిగేలోపే ఆ పరుగు ముగిసిపోతుంది. నాపరాళ్ల లోడుతో రాయచోటి వైపు గువ్వలచెరువు ఘాట్ ఎక్కే బండికి ఆ వెసులుబాటు ఉండదు, నిమిషాల తరబడి యాక్సిలరేటర్ తొక్కి పట్టాల్సిందే.

పెద్ద టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపే భాగం) వేసిన ఒక పికప్‌ను మే నెల మధ్యాహ్నం అలాగే ఎక్కించాం. ఎగ్జాస్ట్ వేడి కొలవడానికి టర్బోకు ముందు బిగించిన మీటరు డైనో మీద 610 డిగ్రీలు దాటలేదు. ఘాట్‌లో ఒక్కో మలుపుకూ 680, 710, 745. వెంటనే డ్రైవరు చేత కాలు తీయించాను. అల్యూమినియం కరిగేది 660 డిగ్రీల వద్ద. కింది నుంచి ఇంజన్ ఆయిల్ చల్లబరుస్తుంది కాబట్టి పిస్టన్ తట్టుకుంటుంది, అదీ కొంతసేపే. డీజిల్ తగ్గించి మళ్లీ ఎక్కిస్తే 670 దగ్గర నిలిచింది. కాగితం మీద అంకె తగ్గిందని యజమాని మొహం చిన్నబుచ్చుకున్నాడు. నేను మాత్రం అలా తగ్గించిన మ్యాప్‌ను (ఇంజన్‌కు ఎప్పుడు ఎంత డీజిల్ అందాలో చెప్పే పట్టికను) మళ్లీ పెంచలేదు.

అపోహ: అయితే డైనో దండగ, రోడ్డు మీదే చేసుకోవచ్చు.

వాస్తవం: ఈ మాట వింటే నాకు కోపం వస్తుంది. బ్రేకు ఉన్న డైనో, ఇంజన్‌ను పూర్తి లోడు మీద 2,000 ఆర్‌పీఎం దగ్గరే పట్టి ఉంచగలదు. మ్యాప్‌లో ఒక్కో గడి మార్చి ఫలితం చూడవచ్చు. రోడ్డు మీద ఆ గడి రెప్పపాటులో దాటిపోతుంది. పైగా ల్యాప్‌టాప్ చూస్తూ హైవేపై బండిని పూర్తి వేగంతో తోలడం ఎదుటివాళ్ల ప్రాణాలతో చెలగాటం. మొదట డైనో, తర్వాత లోడుతో ఘాట్. తోలేది ఒకరు, రికార్డయిన అంకెలు చూసేది బండి ఆపాక.

అపోహ: నల్లపొగ వస్తే బలం పెరిగినట్టు.

వాస్తవం: గాలి చాలక సరిగా కాలని డీజిల్ అది. మీ డబ్బే పొగై పోతోంది.

అపోహ: వేరే ఊరి డైనోలో పక్కవాడి బండికి ఎక్కువ వచ్చింది కాబట్టి అతని ట్యూనింగే గొప్ప.

వాస్తవం: గాలి వేడిని, పీడనాన్ని బట్టి డైనో అంకెను సవరించి చూపుతుంది. బాగా వాడుకలో ఉన్న ఒక పద్ధతికి ప్రమాణం 25 డిగ్రీలు, మన ఎండలు 40 దాటుతాయి. పైగా టర్బో బండికి ఆ సవరణ ఉన్నదానికంటే ఎక్కువ చూపవచ్చు. అందుకే ట్యూనింగ్‌కు ముందు, తర్వాత ఒకే డైనో మీద, ఒకే గేరులో, ఒకే టైరు గాలితో కొలిపించండి. ఆ రెండు కాగితాలూ, ఘాట్‌లో రికార్డయిన వేడి అంకెలూ ఇవ్వనిదే డబ్బు కట్టవద్దు.