సీటు కింద లోలకం

రోడ్ బైక్ (మోటారుది కాదు, సన్న టైర్లతో కాళ్లతో తొక్కే సైకిలే) కొన్నాక దానికోసం నేను తీసుకున్న మొదటి వస్తువు సీటు కింద తగిలించే చిన్న సంచి. లోపల ఒక స్పేర్ ట్యూబ్, టైరు ఊడదీసే ప్లాస్టిక్ లివర్లు రెండు, అలెన్ కీల (ఆరు పలకల గుంట ఉన్న బోల్టులు తిప్పే, L ఆకారపు కడ్డీల) సెట్టు, పంక్చర్ అతుకులు, అన్నీ కలిపినా అర కిలో ఉండవు. తొక్కడం మొదలుపెట్టిన పది నిమిషాలకే అది తొడలకు టప్ టప్ మని తగలసాగింది. బరువెక్కువైందేమో అనుకుని సగం సామాను ఇంట్లో తీసి పెట్టి మళ్లీ బయల్దేరాను. అదే ఊపు, అదే టప్ టప్.

నిజానికి ఇది బడిలో చదువుకున్న సంగతే. లోలకం ఒకసారి ఊగడానికి పట్టే సమయం దాని బరువును బట్టి ఉండదు, పొడవును బట్టి ఉంటుంది. సంచి వదులుగా వేలాడుతుంటే అదీ లోలకమే. సీటు అడుగున ముందు నుంచి వెనక్కి రెండు కమ్మీలు ఉంటాయి కదా, వాటి నుంచి సంచి బరువు కేంద్రం దాకా ఉన్న దూరమే లోలకం పొడవు. అది 11 సెంటీమీటర్లయితే లెక్క ప్రకారం సెకనుకు ఒకటిన్నర ఊపులు, అంటే నిమిషానికి 90. సంచి దారానికి కట్టిన గోళీ కాదు కాబట్టి అసలు అంకె కాస్త అటూ ఇటూ అవుతుందనుకోండి. కానీ అలవాటున్నవాళ్లు చదును రోడ్డు మీద పెడల్ తిప్పే వేగం కూడా దాదాపు అంతే, నిమిషానికి 80 నుంచి 100 చుట్లు.

చుట్టు చుట్టుకీ ఒకసారి కుడి తొడ, ఒకసారి ఎడమ తొడ కిందికి నొక్కుతాయి, దాంతో సైకిల్ కూడా ఓ రవ్వ అటూ ఇటూ ఒరుగుతుంది. ఉయ్యాల ఊపేటప్పుడు సరిగ్గా అది వెనక్కి వచ్చిన క్షణంలో వేలితో నెట్టినా చాలు, నాలుగు ఊపులకల్లా పైకి లేస్తుంది. దాన్నే అనునాదం అంటారు. నా సంచిని నేనే, నాకు తెలియకుండా, ప్రతి చుట్టుకీ సరైన టైముకి నెట్టుకుంటూ పోతున్నానన్నమాట. బరువు తీసేస్తే తొడకు తగిలే దెబ్బ మెత్తబడుతుందేమో గానీ లయ మారదు.

దూర ప్రయాణాలకు వాడే 10, 15 లీటర్ల పొడవాటి సంచులు మామూలు తొక్కుడులో బుద్ధిగానే ఉండి, ఎత్తు ఎక్కేటప్పుడు సీటు మీంచి లేచి తొక్కగానే తోక ఊపడం మొదలుపెడతాయి. అప్పుడు పెడల్ వేగం నిమిషానికి 60, 70 చుట్లకు పడిపోతుంది, సైకిల్ ఒరగడమేమో బాగా పెరుగుతుంది. 65 చుట్ల లయకు సరిపోయే లోలకం పొడవు సుమారు 21 సెంటీమీటర్లు. పెద్ద సంచి కిందికి జారితే ఆ పొడవు ఇట్టే వచ్చేస్తుంది.

కాబట్టి చెయ్యాల్సింది బరువు తగ్గించడం కాదు, అది లోలకంలా ఉండకుండా చూడటం. కమ్మీల మధ్య దూరం సుమారు 44 మిల్లీమీటర్లు. సంచి పైభాగం ఆ రెండు కమ్మీలకూ గట్టిగా అదుముకుని ఉంటే పక్కకు ఊగాలన్నా చోటుండదు, అదే కమ్మీలకు కట్టే రెండు స్ట్రాపులు వదులైతే సంచికి రెండు తాళ్ల ఉయ్యాల కట్టి ఇచ్చినట్టే. కానీ ఆ రెండు స్ట్రాపులు మాత్రమే ఉంటే, ఎంత బిగించినా, తలుపు బందుల మీద తిరిగినట్టు సంచి ముందుకీ వెనక్కీ ఆడుతుంది. సీటును మోసే కడ్డీ, అంటే సీట్‌పోస్ట్, దాని చుట్టూ కట్టే మూడో స్ట్రాపు ఉన్నది అందుకే. మూడూ బిగిస్తే ఊగడం పూర్తిగా ఆగిపోదు, సంచి సహజ లయ ఎంత పైకి పోతుందంటే ఎవరి కాళ్లూ దాన్ని అందుకోలేవు, అంతే.

కట్టే వరసలో చాలామంది చేసే తప్పు ఖాళీ సంచిని కట్టి తర్వాత నింపడం. నింపితే దాని ఆకారమే మారిపోతుంది. ముందు సామాను సర్దండి, స్ట్రాపులు కమ్మీల మీదుగా వదులుగా తిప్పండి, సీట్‌పోస్ట్ స్ట్రాపు చుట్టండి, సంచిని అరచేత్తో పైకి నొక్కిపట్టి కమ్మీల స్ట్రాపులు కుడీ ఎడమా మార్చి మార్చి బిగించండి. కొన్ని కిలోమీటర్లు పోయాక ఓసారి ఆగి మళ్లీ లాగండి, ఎందుకంటే స్ట్రాపులు సర్దుకుని కాస్త వదులవుతాయి. లోపల బరువైనవి సీట్‌పోస్ట్ వైపు ఉండాలి. అలెన్ కీలు పోస్టుకు 5 సెంటీమీటర్ల దూరంలో కాకుండా 15 సెంటీమీటర్లలో ఉంటే దూరం పెరిగింది మూడింతలే, కానీ ఊగడం మొదలెట్టాక దాన్ని ఆపడం తొమ్మిదింతలు కష్టం. స్ట్రాపుల బదులు క్లాంపుతో బిగించే సంచులు మామూలు 7 మిల్లీమీటర్ల గుండ్రటి లోహపు కమ్మీలకు బాగుంటాయి. కార్బన్ కమ్మీలు చాలావరకు కోలగా ఉంటాయి, క్లాంపు నొక్కుడుకు నలిగే ప్రమాదముంది, వాటికి స్ట్రాపులే మేలు.

ఇక స్ట్రాపుల కొసలను అంటించి పట్టి ఉంచే వెల్క్రో, అదే చెర్రుమని ఊడే పట్టీ. స్విట్జర్లాండ్ ఇంజనీరు జార్జ్ డి మెస్ట్రాల్ తన కుక్క బొచ్చుకు అంటుకున్న ముళ్ల కాయలను మైక్రోస్కోపులో చూసి, వాటి కొసన కొక్కేలుండటం గమనించి దీన్ని కనిపెట్టాడు, 1955లో పేటెంటు వచ్చింది. దాని బలం ఒక దిక్కుకే. రెండు పొరలను పక్కకు జరిపి లాగితే కొక్కేలన్నీ ఒకేసారి పట్టుకుంటాయి, కొస పట్టుకుని పైకి పీకితే ఒక్కో వరసే ఊడుతూ పోతుంది, బలమెందుకూ అక్కర్లేదు. అందుకే స్ట్రాపు మీద స్ట్రాపు పడే భాగం వీలైనంత పొడవుండాలి, చివర లేచి ఉండకూడదు. లేచిన కొస ముందు మీ సైక్లింగ్ నిక్కరును గీకుతుంది, తర్వాత సంచిని వదిలేస్తుంది. కొక్కేల్లో మట్టి చేరితే పాత టూత్‌బ్రష్ చాలు.

సీట్‌పోస్ట్ మీద స్ట్రాపు పడే చోట పాత ట్యూబ్ ముక్క ఒకటి చుట్టి పెట్టండి. రోడ్డు దుమ్ములో ఇసుక, ఇసుకలో క్వార్ట్జ్, అది ఇనుము కన్నా గట్టిది. స్ట్రాపు కింద చేరిన ఆ రేణువులు కొన్ని నెలల్లో పోస్టు పైపూతను గరుకు కాగితంతో రుద్దినట్టు రుద్దేస్తాయి.

ఇదే రుద్దుడు సంచి లోపలా జరుగుతుందని నాకు ఆలస్యంగా తెలిసింది. సంచిని కదలకుండా కట్టేశానని సంబరపడుతూనే, లోపల ట్యూబును, లివర్లను, అలెన్ కీలను ఒకే చోట కుక్కి మర్చిపోయాను. చాలా రోజులకు పంక్చర్ పడింది. కొత్త ట్యూబ్ తీసి ఎక్కించి గాలి కొడితే నిలవలేదు. తీసి చూస్తే మడత మీద అలెన్ కీ మూల తగిలే చోట సూది మొనంత చిల్లు. ఆ రోజు ఇల్లు చేరేదాకా సైకిల్ నెట్టుకుంటూ నడిచాను. ఇప్పుడు ట్యూబ్ ఒక పాత సాక్సులో ఉంటుంది, మిగిలిన ఖాళీలో ఓ చేతి గుడ్డ కుక్కుతాను. చెయిన్ ముట్టుకున్నాక చేతులు తుడుచుకోవడానికీ అదే.