గోరు నొక్కి చూసే నర్సు

బైకు మీద నుంచి పడి మోకాలి కింద ఎముక విరిగితే, చుట్టుపక్కల పల్లెల నుంచి చాలామందిని కర్నూలు పెద్దాసుపత్రికి తెస్తారు. రాడ్డు వేసి, ఆపరేషన్ బాగా జరిగిందని డాక్టరు చెప్పగానే ఇంటివాళ్ల టెన్షన్ తగ్గుతుంది. కానీ ఆ రాత్రి కాలిని కనిపెట్టుకుని ఉండాలి.

అందుకే నర్సు మాటిమాటికీ వచ్చి దుప్పటి తీస్తుంది. బొటనవేలి గోరు నొక్కి వదులుతుంది. తెల్లబడిన గోరు రెండు మూడు సెకన్లలో మళ్లీ ఎర్రబడాలి. గోరింటాకు పెట్టుకుని ఉంటే రంగు తెలియదు, వేలి కింది కండ నొక్కి చూస్తుంది. పాదం వెచ్చగా ఉందా, నాడి అందుతోందా, తాకితే తెలుస్తోందా అని రెండో కాలితో పోల్చుకుంటుంది. నిద్ర చెడగొడుతోందని ఆమెను విసుక్కోకండి.

మోకాలి కింద కండరాలు నాలుగు అరల్లో ఉంటాయి. వాటి చుట్టూ ఉండే గట్టి పొర పెద్దగా సాగదు. లోపల రక్తం చేరి, వాపు పెరిగితే ఆ ఒత్తిడికి సన్నటి రక్తనాళాలు నొక్కుకుపోతాయి. దీన్నే కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటారు. సుమారు 6 గంటలు దాటితే కండరం చచ్చిపోవడం మొదలవుతుంది. పెద్ద ధమనిలో ఒత్తిడి ఎక్కువ కాబట్టి అప్పటికీ పాదంలో నాడి కొట్టుకుంటూనే ఉండొచ్చు. నాడి ఉంది కదా అని ధీమా పడకూడదు.

ముందుగా చెప్పేది నొప్పి. ఇంజెక్షన్ చేసినా తగ్గదు, వేళ్లను మెల్లగా పైకి వంచితే ప్రాణం పోయినట్టుంటుంది. మన సీమలో పక్కనున్న అవ్వ "ఓర్సుకో నాయనా, కోసినాక నొప్పి ఉండదా?" అంటుంది. ప్రేమతోనే అంటుంది, కానీ ఈ నొప్పిని ఓర్చుకోకూడదు. వెంటనే సిస్టర్‌ను పిలవాలి. నడుముకు మత్తిచ్చిన కాలు కొన్ని గంటలు మొద్దుబారి ఉంటుంది. అప్పుడు పేషెంటు చెప్పలేడు, నర్సు చూపే ఆధారం.

అనుమానం వస్తే డాక్టరుకు కబురు చేసి, కట్టును చర్మం దాకా విప్పేస్తారు. కాలిని గుండె ఎత్తులోనే ఉంచుతారు. దిండ్ల మీద ఇంకా పైకెత్తితే రక్తం మరింత తగ్గుతుంది. ఒత్తిడి దిగకపోతే మళ్లీ థియేటరుకు తీసుకెళ్లి, ఆ పొరను నిలువునా కోసి వదులు చేస్తారు.

తర్వాతి రోజుల్లో భయం సిరల్లో గడ్డకట్టే రక్తంతో. పాదాన్ని పైకీ కిందికీ ఆడించమని నర్సు పోరేది అందుకే. ఇంటికి వెళ్లాక పిక్క వాచి నొప్పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా చెకప్ తేదీ దాకా ఆగొద్దు. ఆదోనిలో ఉన్నా, పత్తికొండలో ఉన్నా ఆ పూటే బయల్దేరాలి.