చెప్పేవాళ్లకు ఎవరు చెప్పాలి?

నా దగ్గర ఒక పాత పంటల చేతిపుస్తకం ఉంది. రిటైరైన ఒక వ్యవసాయ విస్తరణ అధికారి ఇల్లు మారుతూ పాత పేపర్లవాడికి వేయబోతుంటే అడిగి తెచ్చుకున్నాను. కంది పేజీలో, కాయతొలుచు పురుగు దగ్గర, ‘ఎండోసల్ఫాన్ 2 మి.లీ. లీటరు నీటికి’ అన్న వాక్యాన్ని ఆయన నీలం పెన్నుతో కొట్టేశారు. పక్కన ‘బ్యాన్, 13-5-11’ అని ఉంది. ఇంకో పేజీలో మోనోక్రోటోఫాస్ 1.6 మి.లీ. ఎదురుగా ‘కూరగాయలకు వద్దు’ అని రాసుకున్నారు. అది వేరే సిరా, వేరే ఏడాది.

ఎండోసల్ఫాన్ తయారీ, అమ్మకం, వాడకం ఆపమని సుప్రీంకోర్టు ఉత్తర్వు ఇచ్చింది 2011 మే 13న. ఆ సంగతి మీకు ఆఫీసువాళ్లు చెప్పారా అని అడిగితే ఆయన నవ్వారు. ‘పేపర్లో చూశానండీ. సర్క్యులర్ తర్వాతెప్పుడో వచ్చింది’ అన్నారు. ఆ మధ్య రోజుల్లో ఎవరైనా రైతు వచ్చి కంది పురుగుకు మందు అడిగి ఉంటే ఏం చెప్పేవారో మరి.

రైతుకు చెప్పేవాళ్లకు కొత్త సంగతులు ఎవరు చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి? విస్తరణ సిబ్బందికి శిక్షణ అనగానే చివరికి ఈ రెండు ప్రశ్నల దగ్గరే ఆగుతాం. ఇవి ఇవాళ పుట్టినవి కావు. మన దగ్గర విశ్వవిద్యాలయం ఒకరి కింద, ఊళ్లో తిరిగే ఉద్యోగి ఇంకొకరి కింద ఉండిపోవడంతో మొదలయ్యాయి.

‘విస్తరణ’ అనే మాట తెలుగు చెవికి కాస్త ఎబ్బెట్టుగానే ఉంటుంది. ఇంతకీ విస్తరించేది దేన్ని? విశ్వవిద్యాలయాన్నే. కాలేజీ గోడల లోపలి చదువును ఊళ్లలోకి తీసుకెళ్లి చెప్పడానికి ఇంగ్లండులో కేంబ్రిడ్జి వాళ్లు 1870లలో ఆ మాట వాడారు. అమెరికా దాన్ని వ్యవసాయానికి తెచ్చుకుని, 1914లో స్మిత్-లీవర్ చట్టం చేసింది. అక్కడ జిల్లాలో తిరిగి రైతులకు సలహాలిచ్చే ఏజెంటు రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయం మనిషి. జీతంలో కేంద్రం, రాష్ట్రం, జిల్లా తలా ఇంత పెట్టుకుంటాయి. కొత్త వంగడమైనా, కొత్త నిబంధనైనా, ఉద్యోగికి ట్రైనింగైనా విశ్వవిద్యాలయం గుమ్మంలోంచే రావాలి.

మన దగ్గర వరస తిరగబడింది. ముందు ఊళ్లోకి ఉద్యోగి వచ్చాడు, విశ్వవిద్యాలయం తర్వాత వచ్చింది. 1952 అక్టోబరు 2న సామాజిక అభివృద్ధి పథకం మొదలైంది. గ్రామ సేవకుడనే కొత్త ఉద్యోగి పుట్టాడు. కొన్ని ఊళ్లను ఒక్కడికే అప్పగించి ఎరువు, బావి, మరుగుదొడ్డి, వయోజన విద్య అన్నీ చూడమన్నారు. అతనికి పాఠం చెప్పడానికి శిక్షణ కేంద్రాలు పెట్టారు. సామర్లకోట, బాపట్ల, శ్రీకాళహస్తిలలో విస్తరణ శిక్షణ కేంద్రం అన్న బోర్డు ఇప్పటికీ కనిపిస్తుంది. లోపల జరిగేది మాత్రం ఎక్కువగా పంచాయతీరాజ్ శిక్షణ.

ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం రాజేంద్రనగర్‌లో వెలిసింది 1964లో. 1965 మార్చిలో ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి వచ్చి ప్రారంభించారు. అమెరికాలోని కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ దానికి దన్నుగా నిలిచింది. చదువు, పరిశోధన, విస్తరణ ఒకే చూరు కింద ఉండాలన్న నమూనా అక్కడి నుంచే వచ్చింది. కానీ మూడో కాలు సగమే దిగింది. ఊళ్లో తిరిగే సిబ్బందిని వ్యవసాయ శాఖ వదులుకోలేదు. ఏ శాఖ మాత్రం వదులుకుంటుంది? విశ్వవిద్యాలయం వాటాకు వచ్చింది ‘విస్తరణ విద్య’. అంటే ఆ సిబ్బందికి పాఠం చెప్పడం, ప్రదర్శన క్షేత్రాలు వేయడం, పుస్తకాలు అచ్చు వేయడం. వినేవాళ్ల హాజరు, బదిలీ, జీతం, ప్రమోషన్ అన్నీ ఇంకొకరి చేతిలో.

శిక్షణ సంస్థలకు లోటు లేదు. రాజేంద్రనగర్ చుట్టుపక్కలే లెక్కపెట్టుకోండి: దక్షిణాది రాష్ట్రాల విస్తరణ అధికారుల కోసం 1962లోనే పెట్టిన విస్తరణ విద్యా సంస్థ, గ్రామీణాభివృద్ధి జాతీయ సంస్థ, 1976లో వ్యవసాయ శాస్త్రవేత్తల కోసం వచ్చిన నార్మ్, వ్యవసాయ విస్తరణ నిర్వహణ కోసం 1987లో వచ్చిన మేనేజ్. ఒక ఆటో మాట్లాడుకుంటే పూట తిరక్కుండా అన్నీ చుట్టి రావచ్చు. లోటల్లా ఏఈఓ, అంటే ఊళ్లో తిరిగే వ్యవసాయ విస్తరణ అధికారి, మండలం నుంచి ఆ ఆటో స్టాండు దాకా వచ్చే రోజుకే.

ఆ రోజును ఉద్యోగంలో భాగం చేసింది ఒకే ఒక్క పద్ధతి. దాన్ని ఇప్పుడు అందరూ తిట్టిపోస్తారు. అదే శిక్షణ-సందర్శన పద్ధతి, పాతవాళ్ల నోట ‘టీ అండ్ వీ’. ఇజ్రాయెల్‌కు చెందిన డేనియల్ బెనోర్ ఆలోచనకు ప్రపంచ బ్యాంకు అప్పు తోడై, మన దేశంలో 1970ల మధ్యలో రాజస్థాన్, మధ్యప్రదేశ్‌లలోని చంబల్ ఆయకట్టులో మొదలైంది. అక్కడి నుంచి దేశమంతా పాకింది. సుమారు 70 దేశాలు దాన్ని ఎత్తుకున్నాయి.

పద్ధతి ఇదీ. గ్రామ స్థాయి ఉద్యోగి తన రైతులను ఎనిమిది గుంపులుగా చేసుకోవాలి. ఒక్కో గుంపు దగ్గరికి పక్షానికోసారి, చెప్పిన రోజున, చెప్పిన పొలానికి వెళ్లాలి. ఫలానా బుధవారం ఫలానా మర్రిచెట్టు దగ్గర అంటే ఇక అంతే. పక్షంలో ఇంకో రోజు అతనికే క్లాసు. రాబోయే రెండు వారాల్లో చెప్పాల్సిన మూడు నాలుగు సంగతులు మాత్రమే అందులో నేర్పుతారు. ఆ క్లాసు చెప్పే సబ్జెక్టు నిపుణులు నెలకోసారి రెండు రోజులు విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలతో కూర్చోవాలి. పొలంలో ఏం కనిపించిందో వీళ్లు చెబుతారు, దానికి ఏం చేయాలో వాళ్లు చెబుతారు. ఎరువులు అమ్మడం, అప్పులు ఇప్పించడం, లెక్కలు రాయడం లాంటి పనులేవీ విస్తరణ ఉద్యోగికి అంటగట్టకూడదని కూడా షరతు.

తప్పులు లేవని కాదు. ఎంపిక చేసిన ‘సంప్రదింపు రైతులు’ తాము విన్నది పక్కవాడికి చెబుతారని లెక్కవేశారు. చాలాచోట్ల చెప్పలేదు. మెట్ట భూములకు పక్షానికి మూడు కొత్త సంగతులు ఎక్కడి నుంచి పుట్టుకొస్తాయి? చెప్పిందే చెప్పడంతో క్లాసు చప్పబడింది. పైగా ఖర్చంతా జీతాల్లోకి పోయింది. 1990ల మొదట్లో బ్యాంకు డబ్బు ఆగింది, పద్ధతీ ఆగింది. పోతూపోతూ నెలకోసారి శాస్త్రవేత్త, అధికారి ఎదురెదురుగా కూర్చునే అలవాటును కూడా పట్టుకుపోయింది. నా లెక్కలో అసలు నష్టం అదే. ఆ తర్వాత వచ్చిన ప్రతి పథకం ఆ రోజును ఇంకో పేరుతో వెతుక్కున్నదే.

1997-98లో వరంగల్ ప్రాంతంలో పత్తి రైతులు వరుసగా ప్రాణాలు తీసుకున్నారు. ఏ పురుగుకు ఏ మందో చెప్పేవాళ్లు లేక, షాపువాడు ఇచ్చిందల్లా కలిపి కొట్టిన రోజులవి. 1998లో వ్యవసాయ విశ్వవిద్యాలయం జిల్లాకొకటి చొప్పున సలహా కేంద్రాలు తెరిచి, కొద్దిమంది శాస్త్రవేత్తలను అక్కడే కూర్చోబెట్టింది. మనం ఏరువాక కేంద్రాలు అంటున్నవి అవే. అదే ఏడాది ఏడు రాష్ట్రాల్లో, జిల్లా స్థాయిలో పరిశోధననూ విస్తరణనూ ఒకచోట చేర్చే ‘ఆత్మ’ సంస్థల ప్రయోగం మొదలైంది, అందులో మన రాష్ట్రమూ ఉంది. పరిశోధన స్థానాల్లో సీజన్ ముందు జరిగే పరిశోధన-విస్తరణ సలహా మండలి సమావేశాలు, ఉగాదికి వచ్చే వ్యవసాయ పంచాంగం ఉండనే ఉన్నాయి. కాకపోతే పంచాంగం వచ్చేది ఏడాదికోసారి. పురుగు అంతదాకా ఆగదు.

2003లో జాతీయ నమూనా సర్వే రైతుల్ని అడిగింది, మీకు కొత్త పద్ధతుల సమాచారం ఎవరిస్తున్నారని. 60 శాతం మందికి ఎక్కడి నుంచీ అందడం లేదు. తోటి రైతు చెప్పాడన్నవాళ్లు 16.7 శాతం, ఎరువులు, పురుగుమందుల డీలరు చెప్పాడన్నవాళ్లు 13.1 శాతం. విస్తరణ ఉద్యోగి వాటా 5.7. రైతుల శిక్షణ కోసం జిల్లాల్లో పెట్టిన కృషి విజ్ఞాన కేంద్రాలది 0.7.

సరిగ్గా ఆ ఏడాదే మేనేజ్ ఒక తెలివైన పని చేసింది. రైతు ఎలాగూ డీలరునే అడుగుతున్నాడు కాబట్టి డీలరుకే పాఠం చెబుదామని డిప్లొమా మొదలుపెట్టింది. దాని పేరు ‘దేశీ’. మొత్తం 48 వారాలు, వారానికో రోజు, షాపులు మూసే రోజున క్లాసు. 40 తరగతులు, 8 పొలం సందర్శనలు. 2015-16 నుంచి ప్రభుత్వం ఫీజులో సగం భరిస్తోంది. ఆలోచన మంచిదే. కానీ ఒక్క క్షణం ఆగి చూడండి: మందు అమ్మేవాడికి ఏడాది పొడవునా తప్పని క్లాసు దొరికింది. మందు వద్దని చెప్పాల్సినవాడికి అంతకు పదేళ్ల ముందే ఆ క్లాసు పోయింది.

విశ్వవిద్యాలయం వైపు మనుషులకూ శిక్షణ ఉంది, అది వేరే రకం. సమ్మర్ స్కూల్, వింటర్ స్కూల్ అంటూ 21 రోజుల కోర్సులు నడుస్తాయి. ప్రమోషన్ ఫైల్లో ఆ సర్టిఫికెట్ ఉండాలి. అందువల్ల ఏ టాపిక్ అన్నదానికన్నా సీటు దొరికిందా అన్నదే టెన్షన్. ఆ 21 రోజుల్లో నిజంగా నేర్చుకుని వచ్చినవాళ్లూ నాకు తెలుసు, గ్రూప్ ఫొటోతో వచ్చినవాళ్లూ తెలుసు.

ఇప్పటి సంగతికి వద్దాం. 2019 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి. గ్రామ సేవకుడు పుట్టిన తేదీనే ఊరికో వ్యవసాయ సహాయకుడు వచ్చాడన్నమాట. 2020 మే 30న రైతు భరోసా కేంద్రాలు తెరిచారు, 2024లో ప్రభుత్వం మారాక అవి రైతు సేవా కేంద్రాలయ్యాయి. తెలంగాణలో ఐదు వేల ఎకరాలకో ఏఈఓ, క్లస్టరుకో రైతు వేదిక. మనుషుల సంఖ్య చూస్తే ఏ కాలంలోనూ ఇంతమంది లేరు. కానీ టీ అండ్ వీ వద్దన్న పనులన్నీ ఇప్పుడు వీళ్ల నెత్తినే ఉన్నాయి. ఈ-పంట నమోదు, ఈకేవైసీ, ఎరువుల లెక్క వీళ్లే చూడాలి. తెలంగాణలో రైతు చనిపోతే బీమా కాగితాల కోసం ఆ ఇంటికి వెళ్లేదీ ఏఈఓనే. 2024 అక్టోబరులో డిజిటల్ పంట సర్వే మావల్ల కాదని అక్కడి ఏఈఓలు నిరసనకు దిగారు. కొందరు సస్పెండయ్యారు కూడా.

చెప్పాల్సిన సంగతులూ ఒక తీరుగా లేవు. అదే ఉద్యోగి పొద్దున యూరియా మోతాదు, మధ్యాహ్నం ఆవుపేడతో చేసే ఘనజీవామృతం తయారీ చెప్పాలి. 2024 నవంబరులో కేంద్రం 2,481 కోట్ల రూపాయలతో ప్రకృతి సేద్యానికి జాతీయ మిషన్ ఆమోదించింది. రైతులకు, ఊళ్లో వాళ్లకు తోడుండే మహిళా కార్యకర్తలైన కృషి సఖులకు శిక్షణ ఇచ్చే పనిలో కృషి విజ్ఞాన కేంద్రాలు, వ్యవసాయ విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. దశాబ్దాలుగా రసాయన మోతాదులు సిఫారసు చేసినవాళ్లే ఈ పాఠమూ చెప్పాలి. ముందు వాళ్లకు చెప్పేదెవరని అడిగితే మళ్లీ మొదటికే వస్తాం.

2024 మార్చి నుంచి తెలంగాణలో రైతు వేదికల్లో ‘రైతు నేస్తం’ నడుస్తోంది. మంగళవారం పూట విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు వీడియోలో మాట్లాడతారు. ముప్పై ఏళ్ల తర్వాత ఒక ఖాయమైన రోజు తిరిగి వచ్చింది. కాకపోతే రైతుకూ ఏఈఓకూ కలిపి ఒకటే క్లాసు. ఆ మధ్య ఒక వేదికలో వెనక కుర్చీల్లో కూర్చుని చూశాను. తెర మీద వరిలో మొగి పురుగు గురించి చెబుతున్నారు. గోడవారన ఆ క్లస్టరు ఏఈఓ, పాతికేళ్ల అమ్మాయి, బీమా ఫారం వెనక్కి తిప్పి ‘క్లోరాంట్రానిలిప్రోల్ 0.4 మి.లీ.’ అని రాసుకుంటోంది. పక్కనున్న రైతు మా చేలో మొగి కాదమ్మా, ఆకు కొసలు ఎండుతున్నాయి అన్నాడు. ఆమె చెయ్యెత్తింది. మైకు అప్పటికి ఇంకో జిల్లాకు వెళ్లిపోయింది.