పెరట్లోకి వచ్చింది నాగన్నా, పురుగా?

అంట్లు తోముదామని పెరటి తలుపు తీసేసరికి అరటి మడిలో ఏదో నిగనిగలాడుతూ కదులుతుంది. అంతే, ఒకరు కర్ర కోసం పరిగెత్తుతారు, ఒకరు దండం పెడతారు. చాలాసార్లు ఆ ఇద్దరూ ఒక్కరే. కొన్ని ఊళ్లలో నాగుపామును కొట్టి చంపిన చేతులతోనే దానికి పాలు పోసి, రాగి పైసా పెట్టి దహనం చేస్తారు. చీకటి పడితే దాని పేరెత్తరు. కాటేసినా ‘పురుగు ముట్టింది’ అంటారు.

ఈ భయభక్తులు ఎంత పాతవో అమరావతి శిల్పాల్లో చూడొచ్చు. దాదాపు రెండు వేల ఏళ్ల నాటి ఆ సున్నపురాతి ఫలకాల మీద స్తూపాన్ని పెనవేసుకుని పడగలు విప్పిన నాగులున్నాయి. బుద్ధుడి ధాతువుల (అస్థికల) కోసం అశోకుడు పాత స్తూపాలను తెరిపించినప్పుడు, రామగ్రామంలో మాత్రం నాగులు ససేమిరా అన్నాయని బౌద్ధుల కథ. అంటే పాముకు అప్పటికే కాపలా పని అప్పగించారన్నమాట. పాతిపెట్టిన లంకెబిందెల మీద పాము ఉంటుందని మన తాతలు చెప్పిన కథల్లోనూ దాని కొలువు అదే.

ఆ తర్వాత అది సుబ్బరాయుడైంది. ఇక్కడో తమాషా ఉంది. తమిళనాట కుమారస్వామి అనగానే వేలాయుధం, నెమలి గుర్తొస్తాయి. నెమలికీ పాముకూ బద్ధవైరం. అయినా మనకూ కన్నడిగులకూ సుబ్రహ్మణ్యుడంటే ముందు పామే. కృష్ణా జిల్లా మోపిదేవిలో స్వామి లింగరూపంలో ఉంటాడు, పాము చుట్టలే ఆయనకు పానవట్టం. పిల్లలు లేనివాళ్లు అక్కడ మొక్కుకుంటారు, లేదంటే రావి, వేప కలిసి పెరిగిన చోట నాగప్రతిష్ఠ చేయిస్తారు. పుడితే సుబ్బారావు, నాగమణి, నాగేశ్వరరావు. మన ఇళ్లలో ఈ పేర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకుంటే పుట్టకు పోసిన పాలెన్నో తెలుస్తుంది.

ఆదిలాబాద్ వైపు దారి వేరు. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో నాగోబా గోండుల్లోని మెస్రం వంశస్థుల దేవుడు. వాళ్లు కాలినడకన వెళ్లి గోదావరి జలం తెచ్చి పుష్య అమావాస్య నాడు అభిషేకిస్తారు. కొత్త కోడళ్లను దేవుడికి పరిచయం చేసే ‘భేటింగ్’ కూడా ఆ జాతరలోనే. అక్కడ నాగన్న ఇంటి పెద్ద.

కోస్తాలో నాగుల చవితి దీపావళి వెళ్లిన నాలుగో రోజున, కార్తీకంలో వస్తుంది. తెలంగాణలో, సీమలో చాలాచోట్ల శ్రావణంలోనే చేసుకుంటారు. శ్రావణమంటే వానలకు కన్నాలు నిండి పాములు బయటపడే కాలం, కార్తీకమంటే వరి కోతకు వచ్చే కాలం. రెండూ మనిషి పాదం పాము మీద పడే రోజులే. ఇది యాదృచ్ఛికమని నేననుకోను. పుట్ట దగ్గర చదివే మొక్కులో అడిగేదీ మోక్షం కాదు: తోక తొక్కితే తప్పుకో, నడుము తొక్కితే నావాడనుకో అని వేడుకోలు. చెప్పుల్లేకుండా పొలానికి వెళ్లేవాడు కుదుర్చుకున్న ఒప్పందం అది. 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుకు సుమారు 12 లక్షల మంది చనిపోయారని పరిశోధకుల అంచనా. అందులో సగం జూన్, సెప్టెంబరు మధ్యనే. ఎక్కువ మరణాలు జరిగిన రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది.

చిమ్మిలి, చలిమిడి నైవేద్యం పెట్టి, పుట్టబంగారం చెవులకు అద్దుకుని వస్తాం కదా, ఆ పుట్ట కట్టింది పామూ కాదు, సామెతలో చెప్పిన చీమలూ కాదు, చెదపురుగులు. పాము ఎలుకల కోసం, చల్లదనం కోసం అందులో చేరుతుంది. పాలు దాని ఆహారమే కాదు. పండగ పేరుతో పట్టుకొచ్చి, దాహంతో మాడ్చి తాగించడం పూజ ఎలా అవుతుందో నాకర్థం కాదు.

పెరట్లో కనిపించేది అన్నిసార్లూ నాగన్న కాదు. తరచూ అది జెర్రిపోతు, విషం లేనిది, ఎలుకలు తినేది. ‘పోతు’ అన్న మాట వల్లనో ఏమో, అదే నాగుపాముకు మగదని జనం నమ్మకం. నిజానికి రెండూ వేరు జాతులు, జెర్రిపోతుల్లో ఆడవీ ఉంటాయి. కానీ కట్లపాము, రక్తపింజర కూడా పెరళ్లలోకి వస్తాయి కాబట్టి, పోల్చుకోవడానికి దగ్గరికి వెళ్లకూడదు.

ఇప్పుడు కర్రకూ దండానికీ తోడు ఫోనొచ్చింది. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం పామును చంపడం నేరం, కాబట్టి పట్టేవాళ్లను పిలుస్తారు. వాళ్లు దాన్ని ప్లాస్టిక్ డబ్బాలోకి ఎక్కించి మూత బిగించాక, ‘కాస్త ఆగు నాయనా’ అని లోపలికెళ్లి కుంకుమ తెచ్చి, ఆ మూతకే బొట్టు పెట్టి పంపిన ఇల్లాలిని చూశాను.