ఇంజన్‌లో ఆవాలు చిటపటలాడితే

గుంటూరు నుంచి ఒక పాఠకుడు ఫోన్ చేశారు. ఎనిమిదేళ్ల పెట్రోల్ కారు, మామూలు రోడ్డు మీద ఏ ఇబ్బందీ లేదట. మే నెలలో ఇంటిల్లిపాదీ కోటప్పకొండ బయల్దేరారు. ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే ఇంజన్‌లోంచి ఒకటే కిటకిట, రేకు డబ్బాలో గుప్పెడు గులకరాళ్లు పోసి ఊపుతున్నట్టు. ఏసీ ఆపితే కాస్త తగ్గింది. కొండ దిగేటప్పుడు అసలు లేదు. ఒక మెకానిక్ టాపెట్లు (వాల్వుల్ని కదిపే ముక్కలు) అన్నాడు. ఇంకో మెకానిక్ ఇంజన్ బోరుకొచ్చిందన్నాడు. వాళ్ల బావమరిది దిష్టి అన్నాడు. "మీరేమంటారండీ?" అన్నారాయన.

నేను ఒకటే అడిగాను, ఎన్నో గేర్లో ఎక్కారని.

"మూడో గేర్లోనే లాగించేశానండీ. బండి నిండా జనం, అయినా లాగింది."

లాగింది సరే, ఎలా లాగిందన్నదే కథంతా. ఆ కిటకిటకి నాకింగ్ అని పేరు.

కారు బ్రోషర్ కూడా వాట్సాప్‌లో పంపారు. 1197 సీసీ, నాలుగు సిలిండర్లు, బోర్ (సిలిండర్ వెడల్పు) 73 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 71.5. ఆ కింద పీఎస్, ఎన్ఎం వగైరా. వాటి గురించి షోరూంలో ఎవరైనా చెబుతారు, వదిలేద్దాం. ఎవరూ చూడని గడి ఒకటుంది: కంప్రెషన్ రేషియో 11:1, అంటే లోపలి గాలిని పదకొండో వంతు చోటులోకి నొక్కడం. ఇంజన్ స్వభావం మొత్తం ఆ గడిలోనే ఉంటుందని నా పిచ్చి నమ్మకం.

1197ని నాలుగుతో భాగిస్తే సిలిండర్‌కి 299 సీసీ. పిస్టన్ అడుగున ఉన్నప్పుడు దాని పైనున్న చోటు మొత్తం 330 సీసీ దాకా ఉంటుంది, అంటే మూడు నాలుగు టీ గ్లాసులంత గాలీ పెట్రోలూ. పిస్టన్ పైకొచ్చేసరికి అదంతా 30 సీసీలో ఇరుక్కోవాలి. రెండు పెద్ద చెంచాలు! నిమిషానికి 3000 చుట్లు తిరిగే ఇంజన్‌లో ఈ కుక్కుడు సెకనులో వందో వంతులో అయిపోతుంది.

సైకిల్‌కి గాలి కొట్టినవాళ్లకి పంపు అడుగు వేడెక్కడం తెలుసు. గాలిని గబుక్కున నొక్కితే వేడెక్కుతుంది, వేడి బయటికి పోవడానికి సమయం ఉండదు కనుక. దీన్నే మన ఇంటర్ ఫిజిక్స్‌లో స్థిరోష్ణక ప్రక్రియ అంటారు. బెజవాడలో ఇంటర్ కాలేజీలకి కొదవ లేదు. అక్కడ ఏ పిల్లవాణ్ణి లేపి అడిగినా పీవీ గామా స్థిరాంకం అని నిద్రలో కూడా చెబుతాడు. పంపు ఎందుకు కాలుతుందో అడిగితే మాత్రం "రాపిడి వల్ల సార్" అంటాడు. రాపిడి వాటా కొంచెమే. తప్పు పిల్లలది కాదు, పంపు సిలబస్‌లో లేదు.

ఆ సూత్రంతోనే లెక్క వేద్దాం. గోడలకి పోయే వేడిని కలుపుకొని గామా బదులు 1.3 తీసుకుంటే, ఉష్ణోగ్రతకి వాడే ఘాతం అందులో ఒకటి తక్కువ, 0.3. 11కి 0.3 ఘాతం రెండుకి కాస్త పైన. అంటే కెల్విన్లలో ఉష్ణోగ్రత రెండింతలు దాటుతుంది. 25 డిగ్రీల గాలి లోపలికి వెళ్తే స్పార్కు లేకుండానే 340 డిగ్రీల దగ్గరికి వస్తుంది. 45 డిగ్రీల గాలి అయితే 380. బయట 20 డిగ్రీల తేడా లోపల 40 అయింది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోళ్ల సంగతేమో గానీ పిస్టన్ల మీద మాత్రం నాకు అనుమానమే లేదు.

ఇప్పుడు వంటింట్లోకి వెళదాం. మూకుట్లో నూనె పోసి ఆవాలు వేయండి. పడీపడగానే చిటపటలాడవు, కాసేపు ఊరుకుంటాయి. నూనె బాగా కాగి ఉంటే ఆ కాసేపు తక్కువ, కాగకపోతే ఎక్కువ. పేలడం మొదలయ్యాక మాత్రం అన్నీ ఒకేసారి. ఒకటి రెండోదాన్ని అంటించడం లేదు, ప్రతి గింజా దాని లోపలి వేడికి అదే పేలుతోంది.

నొక్కుకుపోయిన పెట్రోల్ గాలి సరిగ్గా ఇలాంటిదే. వేడి తగలగానే అంటుకోదు, దానికో ఓపిక ఉంటుంది. ఆ ఓపిక ఒకటి రెండు మిల్లీసెకన్లు. ఆ లోపు ప్లగ్గు దగ్గర పుట్టిన మంట వచ్చి దాన్ని కాల్చేస్తే గొడవ లేదు. రాలేదా, తనంతట తనే పేలుతుంది.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. ఇంజన్‌లో పెట్రోల్ పేలుతుంది అని బళ్లో కూడా చెబుతారు. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్‌లో పేలదు, కాలుతుంది. ప్లగ్గు నుంచి సిలిండర్ గోడ దాకా మూడున్నర సెంటీమీటర్ల దూరం, గడ్డివామికి ఒక మూల నిప్పంటించినట్టు మంట పాకుతూ వెళుతుంది. చిక్కేమిటంటే, కాలిన భాగం ఉబ్బి ఇంకా కాలని భాగాన్ని గోడకేసి మరింత నొక్కుతుంది. మూలనున్న ఆ ఆఖరి పిడికెడు గాలి పిస్టన్ వల్ల ఒకసారి, మంట వల్ల ఇంకోసారి నలిగి 500 డిగ్రీలు దాటిపోతుంది. పోపు మూకుడు అక్కడుంది.

కాబట్టి ఇది పందెం. ఒకవైపు పాకే మంట, ఇంకోవైపు ఆవాల ఓపిక. గేరు సంగతి ఇక్కడే తేలుతుంది. ఇంజన్ వేగం పెరిగేకొద్దీ లోపల గాలి సుడులు పెరిగి మంట కూడా వేగంగా పాకుతుంది. 1500 చుట్ల దగ్గర కాలడానికి ఐదు మిల్లీసెకన్లు పడితే 3000 దగ్గర రెండున్నర చాలు. ఆవాల ఓపికకి మాత్రం ఇంజన్ ఎంత వేగంగా తిరుగుతోందో తెలియదు, దానికి తెలిసింది వేడీ ఒత్తిడే. మూడో గేర్లో యాక్సిలరేటర్ అదిమి, ఏసీ వేసి, బండి నిండా జనంతో 1500 చుట్ల మీద ఘాట్ ఎక్కడమంటే నిండా గాలి కుక్కి, మంటని నడకన పంపి, ఆవాలకి కావలసినంత తీరిక ఇవ్వడమే. రెండో గేరుకి దిగితే చుట్లు పెరుగుతాయి, అంత నిండుగా గాలి కుక్కే పనీ తప్పుతుంది. ఇంజన్ అరుస్తుందని భయపడి పై గేర్లోనే ఈడ్చేవాళ్లే ఈ చప్పుడు ఎక్కువ వింటారు.

ఆ చప్పుడు లోహం లోహానికి కొట్టుకుని రాదు. ఆఖరి పిడికెడు ఒక్కసారిగా పేలితే ఒత్తిడి అల పుట్టి సిలిండర్‌లో ఈ గోడకీ ఆ గోడకీ కొట్టుకుంటుంది. ఆ వేడి గాలిలో ధ్వని వేగం సెకనుకి 900 మీటర్ల పైమాట. 73 మిల్లీమీటర్ల సిలిండర్‌లో అది సెకనుకి ఏడువేల సార్లకి అటూ ఇటూగా ఊగుతుంది. మనకి వినబడే కిటకిట అదే. నాకింగ్ అనేది దీన్నే. టాపెట్ చప్పుడైతే బండి నిలబడి ఉన్నా టిక్ టిక్ అంటుంది. బేరింగు పోతే దడదడమని బరువైన మోత. నాకింగ్ మాత్రం బరువు లాగేటప్పుడే వస్తుంది, కాలు తీయగానే పోతుంది. ఆయన చెప్పిన లక్షణాలన్నీ ఇవే కనుక టాపెట్లనీ దిష్టినీ నేను ఫోన్లోనే కొట్టేశాను.

దీనివల్ల నష్టమేంటంటే, మండే వాయువు రెండువేల డిగ్రీల పైన ఉంటుంది, అల్యూమినియం 660కే కరుగుతుంది. మరి పిస్టన్ ఎలా బతుకుతోంది? దాని ఒంటికి చల్లటి వాయువు పొర పలచగా అంటుకుని ఉంటుంది గనుక. నాకింగ్ అల ఆ పొరని ఊడ్చేస్తుంది. ఆటోనగర్‌లో ఒక మేస్త్రీ నా చేతిలో ఒక పాత పిస్టన్ పెట్టాడు. పై అంచు ఎలుక కొరికిన అప్పచ్చిలా గుల్లలు గుల్లలుగా ఉంది, రింగు కూర్చునే గట్టు రెండు చోట్ల విరిగింది. "దీని ఓనరు ఆర్నెల్లు పాటల సౌండు పెంచుకుని తిరిగాడండీ" అన్నాడు.

ఆవాల ఓపికకి కొలతే ఆక్టేన్. ఇక్కడ కాస్త కెమిస్ట్రీ తప్పదు. పెట్రోల్‌లో ఉండే హెప్టేన్ అణువులో ఏడు కార్బన్లు వరసగా గొలుసులా ఉంటాయి. ఆక్సిజన్ వచ్చి తగులుకుంటే ఆ గొలుసు వంగి, అదే అణువులో అవతలున్న హైడ్రోజన్‌ని లాక్కుని పెరాక్సైడు అవుతుంది. అది విరిగి రాడికళ్లు (ఊరుకోక దేన్నైనా పట్టుకునే అణువు ముక్కలు), వాటి నుంచి ఇంకా రాడికళ్లు. ఐసో ఆక్టేన్ అలా కాదు, పొట్టి కొమ్మలతో గుబురుగా ఉంటుంది. దాని హైడ్రోజన్లు చాలావరకు కొమ్మల చివర మిథైల్ గుంపుల్లో గట్టిగా పట్టుకుని ఉంటాయి, వంగి అందుకోవడం కష్టం. హెప్టేన్‌కి సున్నా, ఐసో ఆక్టేన్‌కి వంద ఇచ్చి మధ్యలో అన్నిటినీ కొలుస్తారు. మన బంకుల్లో చాలాకాలం మామూలు పెట్రోల్ 91, ప్రీమియం 95 ఆ పైన ఉండేవి. ఆవాలు పేలేది లోపలి తడి ఆవిరయ్యి, పెట్రోల్ పేలేది రాడికళ్ల వల్ల. పోలిక అక్కడ తెగుతుంది, ఒప్పుకుంటున్నాను.

మూఢనమ్మకం మన ఒక్కళ్ల సొత్తూ కాదు. నాకింగ్‌కి విరుగుడు వెతికిన అమెరికా ఇంజనీరు మిడ్జ్‌లీ ఎర్ర రంగు కలిపితే పెట్రోల్ వేడిని పీల్చుకుంటుందని ఊహించాడు. రంగు దొరక్క అయోడిన్ వేశాడు, నాకింగ్ తగ్గింది! తర్వాత అసలైన ఎర్ర రంగులు వేస్తే ఏమీ కాలేదు. పని చేసింది అయోడిన్, రంగు కాదు. ఆ దారినే పోయి 1921లో టెట్రాఇథైల్ లెడ్ అనే సీసపు రసాయనం పట్టుకున్నాడు. ఆ సీసం పిల్లల రక్తంలోకి ఎక్కింది. మన దేశంలో 2000లో ఆపారు, కార్లకి అది అమ్మిన ఆఖరి దేశం అల్జీరియాలో 2021లో ఆగింది.

ఇప్పుడు ఇథనాల్ కలుపుతున్నారు. దాని ఆక్టేన్ 108 చుట్టూ ఉంటుంది. పైగా ఆవిరవుతూ పెట్రోల్ కంటే రెట్టింపుకి పైగా వేడి లాగేస్తుంది, కాగిన నూనెలో తడి కరివేపాకు వేసినట్టు. నాకింగ్ విషయంలో మేలే. లీటరుకి శక్తి మాత్రం పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ, మైలేజీ తగ్గిందనే గొణుగుడు ఉత్తది కాదు. ఇక ప్రీమియం పెట్రోల్ పోస్తే పికప్ వస్తుందనే మాట: నాకింగ్ లేని ఇంజన్‌కి ఎక్కువ ఆక్టేన్ వల్ల ఒరిగేది లేదు. ఓపిక ఎక్కువంటే బలం ఎక్కువని కాదు. ఎండకి ఫుల్ ట్యాంకు పేలుతుందని ఏటా మేలో వచ్చే ఫార్వర్డు చదివి భయపడకండి. నిప్పు తగలకుండా పెట్రోల్ తనంతట అంటుకోవాలంటే 250 డిగ్రీల పైన కావాలి, బెజవాడ ఎండ ఇంకా అంతదూరం పోలేదు.

ఇన్నీ చెప్పాక ఒక ప్రశ్న మిగిలింది. ఈ కాలం ఇంజన్లకి నాక్ సెన్సార్ ఉంటుంది. బ్లాకుకి బిగించిన చిన్న పీజో పింగాణీ బిళ్ల అది, ఆ ఏడువేల ఊపు తగలగానే కరెంటు పుట్టిస్తుంది. కంప్యూటర్ వెంటనే స్పార్కుని కొన్ని డిగ్రీలు (వేడి కాదు, ఇంజన్ తిరిగే కోణం) ఆలస్యం చేసి లోపలి ఒత్తిడి తగ్గిస్తుంది, మళ్లీ మెల్లగా ముందుకి జరుపుతూ వింటుంది. పొయ్యి సెగ తగ్గించి పోపు చూసుకునే అమ్మలాగే. ఎండాకాలం బండి బరువెక్కిందని మనం అనేది చాలాసార్లు ఈ తగ్గింపే, వేడి గాలి పలచబడటం కూడా దానికి తోడు. మరి ఆయన కారుకి ఆ చెవి ఏమైంది?

ఈసారి చూసిన మెకానిక్‌కి రెండు దొరికాయి. సెన్సార్ వైరు ఎలుక కొరికేసింది. రేడియేటర్‌లో కూలెంట్ బదులు మూడేళ్లుగా బోరు నీళ్లు పోస్తున్నారు. గీజర్ రాడ్డుకి పట్టినట్టే లోపల సున్నపు పెచ్చు పేరుకుని హెడ్డులో వేడి దిగడం లేదు. మూకుడు ఎప్పుడూ కాగే ఉంటోంది, చూసే చెవీ లేదు. వైరు మార్చి, రేడియేటర్ కడిగించి కూలెంట్ పోయించారు.

మొన్న ఆదివారం ఆయన మళ్లీ ఫోన్ చేశారు. రెండో గేర్లో కొండెక్కారట, చప్పుడు లేదు.

"కానీ రెండో గేరు పెట్రోల్ ఎక్కువ తాగదాండీ?"

కొంచెం తాగుతుందన్నాను. ఎక్కేది పది నిమిషాలు. పిస్టన్ మార్చాలంటే ఇంజన్ దించాలి.