దవడ పన్ను కింద ఖాళీ స్థలం

సూర్యారావుపేటలో దంత వైద్యురాలు ఎక్స్‌రేని కిటికీ వెలుతురుకి పట్టి చూపించారు. మా బాబాయి కింది దవడ పన్నుకున్న రెండు వేర్ల మధ్య, తెల్లగా ఉండాల్సిన చోట నల్లటి మచ్చ. "ఇక్కడ ఎముక లేదండీ" అన్నారావిడ. పుచ్చు లేదు, నొప్పి లేదు. మునక్కాయ నార ఇరుక్కుంటోందని వెళ్లాడాయన, అంతే. "అయితే కాస్త ఎముక పొడి పోసెయ్యండి" అన్నాడు, గోడ గుంటకి సిమెంటు పూయమన్నంత తేలిగ్గా.

పొయ్యడం పెద్ద పనేం కాదు. పోసినది ఏమవుతుందన్నదే అసలు సంగతి.

పన్ను ఎముకలో మేకులా దిగి ఉండదు. వేరుకీ ఎముకకీ మధ్య పావు మిల్లీమీటరు మందాన నారపొర ఉంటుంది, పన్ను దానిలో వేలాడుతుంది. పంటి గారలోని బాక్టీరియాతో శరీరం ఏళ్ల తరబడి పోరాడుతుంటే, ఆ వాపులో ఎముకా, ఆ నారా రెండూ కరిగిపోతాయి. గార గీకి శుభ్రం చేశాక ఆ ఖాళీలోకి ఎవరు ముందొస్తే వాళ్లదే జాగా. అన్నిటికన్నా వేగంగా వచ్చేది చిగురు పైపొర. బెజవాడలో ప్రహరీ లేని స్థలం గతి తెలిసిందే కదా! పైపొర వేరు వెంట దిగి కూర్చుందంటే, నెమ్మదిగా వచ్చే నారకీ ఎముకకీ ఇక చోటుండదు.

ఏ కణాలు ముందొస్తాయన్నదే కీలకమని మెల్చర్ అనే పరిశోధకుడు 1976లో అన్నాడు. 1982లో స్వీడన్‌లో నైమన్ బృందం ఒక మనిషి పన్నుకి, చిగురు కింద, ప్రయోగశాలలో వాడే వడపోత పొర అడ్డుపెట్టి చూసింది. పైపొర ఆగింది, నార మళ్లీ వేరుని పట్టుకుంది. ఇప్పుడు ఆ ప్రహరీ కొల్లాజెన్ అనే ప్రోటీన్‌తో చేస్తున్నారు, దానంతటదే కరిగిపోతుంది. పంది పిల్లల మొలక పళ్ల నుంచి తీసిన ప్రోటీన్ల జెల్ ఇంకో దారి. మన రక్తమే కాస్త తీసి, యంత్రంలో పది నిమిషాలు గిర్రున తిప్పి, వచ్చిన మెత్తటి గడ్డని అక్కడ పెట్టడం మరో దారి. ఖర్చు తక్కువని ఇది బాగా నడుస్తోంది. గాయం మానడానికి సాయపడుతుంది కానీ, నాకైతే దాని మీద మరీ అంత ఆశ లేదు.

పొడి విషయానికొస్తే, అది ఎక్కువగా పశువుల ఎముకే, శుద్ధి చేసినది. ఎక్కడిదో ముందే అడగడం మంచిది, తర్వాత తెలిసి బాధపడేవాళ్లున్నారు. పైగా పోసిన రోజే ఎక్స్‌రేలో తెల్లగా కనబడుతుంది. అది చూసి ఎముక పెరిగిందని మురిసిపోకూడదు, నార అతికిందో లేదో ఎక్స్‌రే చెప్పదు.

గుంట ఆకారం కూడా చూడాలి. మూడు వైపులా ఎముక గోడలు మిగిలిన లోతు గుంటయితే బాగా పూడుతుంది. చుట్టూ సమంగా అరిగిపోతే మాత్రం నిలబెట్టడానికి గోడే లేదు. దవడ పళ్లకి వేర్లు చీలే చోటు మరో తలనొప్పి: ఆ సందు చాలాసార్లు గార గీకే పనిముట్టు కన్నా ఇరుకు. పై పళ్లకి మూడేసి వేర్లు, చేతికందని సందులు. కింది పన్నుకి ఆ సందు ఒక పక్కే తెరుచుకుంటే ఆశ ఉంది.

బాబాయిది ఒక పక్కేనట. కానీ ఆవిడ ముందు షుగర్ రిపోర్టు అడిగారు, తర్వాత రోజుకెన్ని సిగరెట్లని. ఆయన నా వైపు చూశాడు. పిన్నికి చెప్పింది రెండని.